స్నానాల నీళ్ళ సొరపాదు

కరుణక్క పోయిన తరువాత కర్నూలు పక్క కల్లూరులోని ఆమె ఇంట్లో ఆదరణ కూడిక జరిగింది. మాట్లాడినవాళ్ళందరూ దాదాపు ఒకే మాట అన్నారు. ఆమెకు పిల్లలంటే ప్రాణమట, మొక్కలంటే ప్రాణమట. నేను వెనక వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని విన్నాను. పోయినవాళ్ళ గురించి ఎవరైనా మెత్తగానే మాట్లాడతారు, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ నాకు తెలిసిన అక్క అట్లాంటిది కాదు. పిల్లలు గోల చేస్తే ఆమెకు తలనొప్పి వచ్చేది. ఎవరైనా గులాబీ మొక్క తెచ్చిస్తే, తినడానికి పనికిరానిదానికి నీళ్ళెందుకని పక్కింటికి ఇచ్చేసేది. ఆమెకు ఇష్టమైంది పని. అంగన్‌వాడీ టీచరుగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ, దిగిపోయిన తరువాతా ఆమె వదలకుండా చేసిన పని ఒకటుంది. చుట్టుపక్కల పిల్లల్ని పోగేసి వాళ్ళచేత కూరగాయలు పెంచించడం. ఆ పని ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవాణ్ణి ఆ కూడికలో నేనొక్కణ్ణే. మా తమ్ముడు కూడా లేడు ఇప్పుడు.

మాది డోన్ దగ్గర ఒక పల్లె. నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్, వారానికొకసారి ఇల్లు చేరేవాడు. అమ్మ కూలికి పోయేది. ఇంటిని నడిపింది అవ్వ, నాయన తల్లి. పొద్దున లేస్తూనే మోకాళ్ళ మీద నిలబడి ప్రార్థన చేసేది, ఆ మోకాళ్ళ మీది నుంచే లేచి నేరుగా మేకల దొడ్డికి పోయేది. అవ్వ దగ్గర ఎప్పుడూ రెండు వాసనలు ఉండేవి, సీకాయది ఒకటి, మేకలది ఒకటి. ఆమె కోపం మాటల్లో కనిపించేది కాదు. కోపమొస్తే పని ఇంకా నెమ్మదిగా చేసేది. రొట్టె తట్టేటప్పుడు చప్పుడు తగ్గిందంటే మేము ముగ్గురమూ దూరంగా కూర్చొనేవాళ్ళం.

ఇంటి వెనక దొడ్డి పెద్దదే కాని నేల రాళ్ళ నేల, నీళ్ళు తక్కువ. మంచినీళ్ళ బావి ఊరి చివర ఉండేది. బిందె నెత్తిన పెట్టుకుని తెచ్చిన నీళ్ళను మొక్కకు పోయడమంటే మా పల్లెలో పిచ్చి పని. అవ్వ దానికొక ఉపాయం చేసింది. నాయన ఎక్కడి నుంచో పగిలిన నాపబండలు తెచ్చి దొడ్లో పడేసి ఉంటే, వాటిలోంచి ఏరి పిల్లకొక బండ పరిచింది. ప్రతి బండకూ కాస్త వాలు పెట్టి, వాలు కింద ఒక పాదు తవ్వింది. ఎవరి బండ మీద వాళ్ళు స్నానం చేయాల. ఆ నీళ్ళు వాళ్ళ పాదులోకి పోవాల. ముఖం కడిగినా అక్కడే, కాళ్ళు కడిగినా అక్కడే. సబ్బు మాత్రం పెట్టకూడదు, మొక్క చస్తుందని చెప్పేది. అది నిజమో, సబ్బు మిగలడానికి చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. స్నానమంటే పారిపోయే మా తమ్ముడు బెండ మొలక వచ్చిన రోజు పొద్దునా సాయంత్రమూ స్నానం చేస్తానని ఏడ్చాడు. పక్కింటి పిల్లలు వచ్చి మా బండ మీద కాళ్ళు కడుక్కుంటామని అడిగితే మేము ఏదో దయచూపినట్టు సరేననేవాళ్ళం.

విత్తనం పెట్టింది మొదలు పాదు ఎవరిది వాళ్ళదే. ఏం పెట్టాలో, ఎప్పుడు కోయాలో వాళ్ళ ఇష్టం. అవ్వ అడిగితే చెప్పేది, చేయి పెట్టేది కాదు. నేను సోమరిని. ప్రతి ఏడూ పుంటికూర వేసేవాణ్ణి. అది రాళ్ళలో కూడా పెరుగుతుంది. తమ్ముడు వాడికేది కనపడితే అది వేసేవాడు. అక్క మాత్రం అందరికంటే కష్టమైన సొరపాదునే పట్టుకుంది. ఆకులకు పురుగు పడితే పొద్దున్నే బూడిద చల్లేది. మేకల ఎరువు నీళ్ళలో కలిపి మొదట్లో పోసి, ఆ చేతులతోనే బడికి వచ్చేది. పిందె పడితే దానికి వేలు చూపనిచ్చేది కాదు, వేలు చూపిస్తే రాలిపోతుందని. చూపాలంటే పిడికిలి బిగించి పిడికిలితో చూపించాల. ఒకసారి మా తమ్ముడు పొరపాటున వేలు చూపించాడు, పిందె రెండో రోజుకు రాలిపోయింది. అక్క వాణ్ణి వెంటాడి కొట్టింది. అవ్వ అడ్డం పోలేదు.

ఆ సొర గింజలు అంగట్లో కొన్నవి కావు. అవ్వ పెండ్లయి వచ్చేటప్పుడు కొంగున కట్టుకుని తెచ్చినవి. కాయ అడుగున గుండ్రంగా ఉండి, మెడ కొంచెం వంగి, ఒంటి మీద తెల్లని చుక్కలతో ఉండేది. ప్రతి ఏడూ మొదటి మంచి కాయను అవ్వ తన పాదులో తీగ మీదే వదిలేసేది. అది ముదిరి, ఎండి, తొడిమ ఊడే దాకా ఎవరూ ముట్టకూడదు. తరువాత దాన్ని పగలగొట్టి గింజలు తీసి, బూడిదలో కలిపి కుండలో పెట్టేది.

ఇక్కడ మా చర్చి సంగతి ఒకటి చెప్పాల. పంటలు ఇంటికొచ్చే కాలంలో కోతల పండుగ చేసేవాళ్ళు. ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందర పెడతారు. జొన్న కంకులు, చెనక్కాయలు, కోళ్ళు, గుమ్మడికాయలు. ప్రార్థన అయినంక సంఘపెద్ద ఒక్కొక్కటే చేత పట్టుకుని, తెచ్చినవాళ్ళ పేరు గట్టిగా పిలిచి, వేలం వేస్తాడు. పిల్లలు తెచ్చినా పిల్లల పేరే పిలుస్తారు. పేరు పిలిస్తే లేచి నిలబడాల, అందరూ తిరిగి చూస్తారు. నా పేరు ఏటా పిలిచేవాళ్ళు, పుంటికూర కట్ట పుణ్యాన. అక్క పేరు ఎప్పుడూ పిలవలేదు. ఆమె సొరకాయ ఒక ఏడు పండుగ నాటికి లేతగా లేదు, ఒక ఏడు పిందెలోనే పోయింది. ఆమె నన్ను చూసి, "పుంటికూరకు కూడా పేరా!" అని మూతి తిప్పేది. నేను పండుగ రోజు కట్టను ఆమె ముక్కు ముందర ఊపుకుంటూ నడిచేవాణ్ణి.

ఆమెకు పదేండ్లో పదకొండేండ్లో ఉన్న ఏడు వానలు రాలేదు. అంతకు ముందటేడు కాయలు సరిగా రాక గింజ పెద్దగా మిగలలేదు. కుండలో ఉన్న కొన్నింటినీ అవ్వ ఆ ఏడు అక్క పాదులో పెట్టించింది. బావిలో నీళ్ళు అడుగుకు దిగాయి. స్నానాలు వారానికొకటయ్యాయి. నా పుంటికూర ఎండిపోయింది, తమ్ముడి బెండ ఎండిపోయింది. అక్క తీగకు మాత్రం ఒక పిందె నిలిచింది. ఒక్కటే. అది నిలిచిన రోజు అవ్వ మమ్మల్ని పిలిచి, ఇంక అందరూ అక్క బండ మీదనే స్నానం చేయాలని చెప్పింది. అమ్మ కూలి నుంచి వచ్చి కాళ్ళు కడిగేది అక్కడే. గిన్నెలు తోమిన నీళ్ళు తేరిన తరువాత అందులోకే. నాయన శనివారం సాయంత్రం దిగితే, పట్టాల మీది మసంతా ఆ పాదులోకే పోయేది. పెద్దయిన తరువాత అక్క నవ్వుతూ అనేది, "ఆ కాయలో ఇంటిల్లిపాది మురికి ఉండాదిరా" అని.

కాయ పెరిగింది. పండుగ దగ్గరికొచ్చే సరికి అది మంచి లేత వయసులో ఉంది. ఊళ్ళో ఎవరి దొడ్లోనూ అట్లాంటిది లేదు. ఆ ఏడు తన పేరు పిలుస్తారని అక్కకు తెలిసిపోయింది. దాని కింద గడ్డి పరిచింది, ఎండ తగలకుండా గోనె కప్పింది. పండుగ ముందటి రోజు సాయంత్రం నాయన ఇంటికి రాగానే, రేపు దాన్ని కోస్తానని చెప్పింది. అవ్వ రొట్టె తడుతూ ఉంది. చప్పుడు తగ్గింది.

"కోస్తే గింజ ఉండదు," అంది అవ్వ.

"దేవునికియ్యడానికి ఏడుస్తాండావా అమ్మా?" అన్నాడు నాయన. "నువ్వేనా ఈ మాట అంటాండేది?"

"దేవునికి గింజల కరువు ల్యాదురా. మనకుండాది."

"చర్చి అయ్యగారు వింటే ఏమంటాడు?"

"అయ్యగారు సొరపాదు పెట్టినాడా ఎప్పుడన్నా?"

అమ్మ నవ్వు ఆపుకోవడానికి పొయ్యి వైపు తిరిగింది. అక్క నవ్వలేదు. "అయితే కోయొద్దంటావా అవ్వా?" అని అడిగింది. అవ్వ రొట్టెను పెనం మీద తిప్పి వేసి, "నేనెందుకంటా. నీ పాదు, నీ ఇష్టం," అంది. ఆ మాట అందరూ విన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళందరూ ఒక పిల్ల ముఖం చూస్తూ కూర్చున్నారు. అక్క ఆ పూట రొట్టె సగమే తిన్నది.

పొద్దున నేను లేచేసరికి కాయ కోసి ఉంది. తొడిమ దగ్గర తీగ నుంచి ఇంకా నీరు కారుతోంది. అక్క తల దువ్వుకుని, రిబ్బన్లు కట్టుకుని, కాయను పాత చీరపేలికలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చొని ఉంది. అవ్వ చర్చికి మాతో పాటే నడిచింది.

కరువు ఏడు కాబట్టి బలిపీఠం ముందర చాలా తక్కువ పెట్టినారు. సంఘపెద్ద సొరకాయను రెండు చేతులతో పైకెత్తి, "కరుణ!" అని పిలిచాడు. అక్క లేచి నిలబడింది. ఆయన హాస్యగాడు. "ఏమ్మే కరుణా, ఊరంతా ఎండిపోతాంటే నీ కాయకు నీళ్ళు యాడియి?" అన్నాడు.

"మా స్నానాలవి," అంది అక్క.

చర్చంతా నవ్వింది. "అయితే శానా బలముండాది అప్పా ఇందులో, పాడుకోండి!" అని ఆయన వేలం మొదలుపెట్టాడు. అంగడాయన ఒకడు పాడాడు. ఆయన మీద మా నాయన పాడాడు. అంగడాయన పెంచితే నాయనా పెంచాడు. మా నాయన అంతకు ముందెప్పుడూ వేలంలో నోరు తెరవలేదు. అమ్మ అవతలి వరుస నుంచి వద్దని చేత్తో సైగ చేస్తూనే ఉంది. చివరికి అంగడాయన, "నీ బిడ్డ కాయ నువ్వే తినప్పా," అని వదిలేశాడు.

నాయన కాయను భుజం మీద పెట్టుకుని ఆడవాళ్ళ వైపు వచ్చి అవ్వ ముందర నిలబడ్డాడు. ముఖం వెలిగిపోతోంది. రాత్రంతా పడుకోకుండా ఆలోచించినట్టున్నాడు. "సూడమ్మా," అన్నాడు, "దేవునికీ అయింది, పిల్ల పేరూ పిలిచిరి, గింజకూ అయింది. ఎండబెట్టుకో పో."

అవ్వ కాయ వైపు చూడలేదు. కొడుకు వైపే చూసింది. "ఏమి ఎండబెట్టేది?" అంది. కాయ మీద బొటనవేలి గోరు పెట్టి నొక్కింది, గోరు మెత్తగా దిగింది. "గోరు దిగే కాయలో గింజ యాడుంటాదిరా? పాలుంటాయి. ముదిరేది తీగ మీద, భుజం మీద కాదు."

నాయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆయన తన జీవితమంతా పట్టాల మీద గడిపినవాడు. కాయ ఇంట్లో ఉంటే గింజ ఇంట్లో ఉన్నట్టే అనుకున్నాడు. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని మేము భయపడ్డాం. నవ్వుతోంది. "రైలు ఆపేటోడు పాదు కాడికొస్తే ఇట్లే ఉంటాది," అంది. నాయన కూడా నవ్వాడు, కాని ఆ నవ్వు సగంలో ఆగింది. అక్క నాకూ తమ్ముడికీ మధ్య నిలబడి వింటోంది. కాయ తిరిగి ఇంటికే వస్తోందని అప్పటిదాకా ఆమె ముఖంలో ఉన్నదేదో పోయింది.

ఆ మధ్యాహ్నం దాన్ని పప్పులో వేసింది అవ్వ. కోసినప్పుడు లోపల గింజలు తెల్లగా, మెత్తగా, పాలపళ్ళలా ఉన్నాయి. వాటిని తీసి పారేయలేదు, అట్లాగే వేసింది. కొర్రన్నంలో మొదటి గరిటె అక్కకు పెట్టింది, పాదు ఆమెది కాబట్టి. "తిను మే. తియ్యగుండాది," అంది. అక్క తిన్నది. రెండోసారి కూడా పెట్టించుకుంది. తరువాత తీగ కూడా ఎండిపోయింది. మరుసటేడు వానలు పడ్డాయి, అవ్వ డోన్ సంత నుంచి వేరే గింజలు తెప్పించింది. ఆ కాయలు పొడుగ్గా వచ్చేవి. అవ్వ వాటిని 'అంగడి కాయలు' అనేది. ఆ సంగతి ఆమె బతికి ఉన్నన్నాళ్ళూ మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే అక్కకు తేలికయ్యేదేమో.

అక్క ఉద్యోగంలో చేరిన తరువాత ట్రైనింగుకో మీటింగుకో ఏ ఊరికి పోతే ఆ ఊళ్ళో ముసలివాళ్ళను ఆ సొరకాయ గురించి అడిగేది. అడుగు గుండ్రం, మెడ వంకర, తెల్ల చుక్కలు. రాజంపేట దగ్గర ఎవరి దొడ్లోనో అట్లాంటిదే ఉందని ఎవరో చెబితే, సెలవు పెట్టి బస్సులో పోయి చూసి వచ్చింది. మెడ వంకర లేదు. అయినా గింజలు అడిగి తెచ్చుకుంది. అట్లా తెచ్చిన రకాలు ఆమె దగ్గర చాలా ఉండేవి. అది మాత్రం దొరకలేదు. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి విత్తనాలు ఎట్లా అంతరించిపోతాయో పుస్తకాల్లో చదివి ఆమెకు చెప్పేవాణ్ణి. ఆమె పూర్తిగా విని, "సరేలేరా," అనేది.

కల్లూరులో ఇల్లు కట్టుకున్న తరువాత వెనక కొంత ఖాళీ మిగిలింది. అక్క అల్లుడు బండి పెట్టుకోవడానికి సిమెంటు వేద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. వీధిలో పిల్లలు బడి నుంచి వచ్చి ఫోన్లు పట్టుకుని మెట్ల మీద కూర్చొని ఉంటే, గేటు దగ్గర నిలబడి, "రేయ్, నీకొక పాదిస్తా, వస్తావా?" అని పిలిచేది. మొదట ఎవరూ రాలేదు. ఆమె బతిమాలలేదు. ఒక పిల్ల వచ్చింది, ఆ పిల్ల బీరకాయ పట్టుకుని ఇంటికి పోతుంటే చూసి మిగతావాళ్ళు వచ్చారు. ఇప్పుడు బండల మీద స్నానం చేయడానికి ఎవరు ఒప్పుకుంటారు? ప్రతి ఇంట్లో నీళ్ళ ఫిల్టరు ఉంది, దాని పక్క గొట్టంలోంచి నీళ్ళు ఊరికే పోతుంటాయి. వాటిని సీసాల్లో పట్టి తెమ్మంది. ఎవరి సీసా వాళ్ళ పాదుకే. తల్లులు మొదట విసుక్కున్నారు, మట్టి కాళ్ళతో టైల్స్ పాడవుతాయని. అవ్వ కాలంతో పోలిస్తే ఇది ఆటే. ఇక్కడ కాయ రాకపోతే ఎవరికీ కూర తగ్గదు, సందు చివరకు కూరగాయల బండి వస్తుంది. అది ఆమెకూ తెలుసు. ఆకలి లేని చోట పని నేర్పడం కష్టమని ఒకసారి నాతో అంది. అదేమీ ఫిర్యాదు కాదు.

ఆమె ఆ పిల్లలకు ఏది ఎప్పుడు కోయాలో చెప్పేది కాదు. వాళ్ళు అరచేయంత బీరకాయలు కోసేవాళ్ళు, ఫోటో తీసుకునేవాళ్ళు, బడికి పట్టుకుపోయి చూపించేవాళ్ళు. నేనొకసారి అడిగాను, విత్తనానికి ఒక కాయ వదలమని చెప్పవా అని.

"పదేండ్ల పిల్లకు అదేం తీర్పురా?" అంది. "కోసుకోనీ. చూపించుకోనీ. గింజకని నేనొక తీగ పెట్టుకుంటా. అది నాది, దాన్ని ఎవరూ ముట్టరు. పెద్దోళ్ళు ఒకటి పెట్టుకుంటే సరిపోతాది కదా."

"అవ్వ మీద కోపముందా నీకు?"

"కోపమెందుకు? అవ్వ కాడ ఉండింది ఒకటే కదా." చేతుల మట్టి దులుపుకుంటూ అంది. "ఆ పొద్దు నా పేరు పిలిచిరి చూడు, శానా బాగుండింది. కోసింది తప్పని నేనెప్పుడూ అనుకోలేదురా. గింజ పోయింది, అంతే."

కూడిక రోజు అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు. పాటలు అయిపోతుండగానే వంట చాలదని తెలిసింది. అక్క కూతురు సునీత కత్తి తీసుకుని దొడ్లోకి పోయింది. అప్పటికే వీధి పిల్లలు వాళ్ళ పాదుల్లో ఉన్న చిక్కుళ్ళు, వంకాయలు కోసి తెచ్చి వంటింటి గడపలో పోస్తున్నారు. ఎవరూ చెప్పకుండానే తెచ్చారు. నేను కుర్చీలోంచి లేచి వెనక్కి పోయేసరికి దొడ్లో ఏదో వాదన జరుగుతోంది. గోడ వారన ఒక సొరతీగ ఉంది, దాని మీద ఒకే కాయ, పెద్దది. సునీత దాని తొడిమ పట్టుకుని ఉంది. పక్కింటి ఆయేషా ఆమె చెయ్యి పట్టుకుని ఉంది.

"అది టీచర్‌ది ఆంటీ. కోయకూడదు."

"టీచర్ లేదు కదా తల్లీ."

"లేకుంటే మాత్రం?"

మిగతా పిల్లలు చుట్టూ చేరారు. ఒకడు, పప్పులో వేస్తే అందరికీ వస్తుంది కదా అన్నాడు. ఇంకొకడు వాణ్ణి నెట్టాడు. సునీత నన్ను చూసింది. ఆమె ఉదయం నుంచి ఏమీ తినలేదు, కళ్ళు వాచి ఉన్నాయి. "మామా, నువ్వన్నా చెప్పు. ఇంగ అది ఎవరిదని?" అంది. పిల్లలందరూ నా ముఖం చూశారు.

దాన్ని పెంచడం చూసింది పిల్లలే, వాళ్ళనే తేల్చుకోనీ అందామని నోటిదాకా వచ్చింది. పెద్దమనిషి తరహాగా, న్యాయంగా వినిపించే మాట అది. ఆయేషాకు పదేండ్లుంటాయి. తొడిమ మీద ఉన్న సునీత చెయ్యిని ఆ పిల్ల ఇంకా వదలలేదు.

"నాది," అన్నాను. "కోయొద్దు. ఎండేదాకా ఉండనీ."

సునీత చెయ్యి తీసేసింది. లోపలికి పోయి పప్పులో ఇంకో చెంబు నీళ్ళు పోసింది, ఆ చప్పుడు నాకు వినపడింది. ఆయేషా మాత్రం అక్కడే నిలబడి నన్ను అనుమానంగా చూసింది. నేనుండేది కర్నూలులో ఇంకో కొసన అని దానికి తెలుసు.

"మరి రోజూ నీళ్ళు ఎవరు పోస్తారు?" అంది.

నేను తెస్తానన్నాను. ఫిల్టరు నీళ్ళేనా అని అడిగింది. అవునన్నాను. మా ఇంటి నుంచి కల్లూరుకు నేరుగా షేర్ ఆటో లేదు. మధ్యలో ఒకచోట దిగి మారాల. సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను.